లెక్క వచ్చు, ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాడు

ప్రశ్న: సార్, మావాడు పదో తరగతి. వర్గ సమీకరణం ఇస్తే సూత్రం పెట్టి చకచకా చేసేస్తాడు. అదే బస్సు, వేగం, గంటలు అని మాటల్లో ఇస్తే పెన్ను పట్టుకుని కూర్చుండిపోతాడు, లేదంటే గైడ్ చూసి దింపేస్తాడు. నేను ఇంటర్‌తో ఆపేశాను, నాకూ గుర్తులేదు. ఇంట్లో ఎట్లా నేర్పించాలి?
- ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, సూత్రం పెట్టి చేసేవాడికి లెక్కలు రావని మాత్రం అనకండి. వాడు ఆగుతున్నది వాక్యాన్ని సమీకరణంగా మార్చే చోట, దాన్ని విడిగా కూర్చోబెట్టి నేర్పాలి. మన దారిలోదే ఒకటి చేద్దాం. నెల్లూరు నుంచి ఒంగోలుకు 120 కిలోమీటర్లు అనుకోండి. బస్సు ఒకే వేగంతో వెళ్లింది, గంటకు ఇంకో 20 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్లుంటే గంట ముందే చేరేది. వేగమెంత?

చూడగానే ఎక్స్ అని రాసేస్తారు పిల్లలు, ఎక్స్ అంటే ఏంట్రా అంటే చెప్పలేరు. ముందు "బస్సు అసలు వేగం ఎక్స్" అని మాటల్లో రాయించండి. తర్వాత రెండు వరసలు, పైన అసలు ప్రయాణం, కింద వేగం పెంచిన ప్రయాణం, ఒక్కోదానికీ దూరం, వేగం, పట్టిన టైం. దూరం రెండింటికీ 120, వేగాలు ఎక్స్, ఎక్స్ + 20, దూరాన్ని వేగంతో భాగిస్తే టైం వస్తుంది. ఇప్పుడు ఒక్క మాట అడగండి, ఈ రెండు టైముల్లో ఏది పెద్దది? నెమ్మదిగా పోయినదే కదా. అందుకే 120/ఎక్స్ లోంచి 120/(ఎక్స్ + 20) తీసేస్తే 1 రావాలి. ఇంతవరకూ వస్తే మిగతాది వాడికి వచ్చిందే: ఎక్స్² + 20ఎక్స్ − 2400 = 0, మూలాలు 40, −60.

ఆ తీసివేత తిరగేసి రాస్తే చివర +2400 వస్తుంది, విచక్షణి, అంటే సూత్రంలో వర్గమూలం కింద వచ్చే సంఖ్య, 400 − 9600 అయి ఋణం అవుతుంది. చాలామంది అక్కడ "వాస్తవ మూలాలు లేవు" అని రాసి పుస్తకం మూసేస్తారు. బస్సు వెళ్లిందని ప్రశ్నే చెబుతుంటే వేగం లేకుండా ఎలా ఉంటుంది? వెనక్కెళ్లి సమీకరణం చూసుకోవాలి. −60ని కూడా ఊరికే కొట్టేయకుండా "వేగం ఋణం కాదు కాబట్టి" అని ఒక ముక్క రాయమనండి, పబ్లిక్ పరీక్షలో మెట్లకూ మార్కులుంటాయి. ఆఖర్న సరిచూడటం: 40తో 3 గంటలు, 60తో 2 గంటలు, గంట తేడా, సరిపోయింది.

గైడ్ లాక్కోకండి. ఒకసారి చూసి, మూసి, సొంతంగా రాయమనండి, ఆపైన 120 తీసేసి 240 పెట్టి చేయమనండి, వేగం 60 రావాలి. పది లెక్కలు కాపీ కొట్టేదానికన్నా రోజుకు ఇలా రెండు చేస్తే చాలు.

ప్రశ్న: సూర్యుడి ఊర్ధ్వ కోణం (నేల నుంచి పైకి కొలిచే కోణం) 60 డిగ్రీలు ఉన్నప్పటి కంటే 30 డిగ్రీలు ఉన్నప్పుడు టవర్ నీడ 40 మీటర్లు ఎక్కువ, ఎత్తు కనుక్కోమన్నారు. నాకు ఎప్పుడూ 40/√3 వస్తోంది, జవాబేమో 20√3. తప్పెక్కడ సార్?
- పదో తరగతి విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: పటంలోనమ్మా. 40ని నువ్వు మొత్తం నీడ అనుకున్నావు, ప్రశ్నలో ఉన్నది "40 ఎక్కువ" అని. టవర్ పాదం నుంచి ముందు చిన్న నీడ గీయి, అది 60 డిగ్రీలది, ఎండ నెత్తిమీదికి వచ్చేకొద్దీ నీడ చిన్నదవుతుంది కదా. దాని చివర నుంచి అవతలికి 40 గీయి, అక్కడ 30 డిగ్రీలు. టాన్ 60 నుంచి ఎత్తు = √3 × చిన్న నీడ. టాన్ 30 నుంచి √3 × ఎత్తు = చిన్న నీడ + 40. మొదటిది రెండోదాంట్లో పెడితే చిన్న నీడకు 3 రెట్లు = చిన్న నీడ + 40, కాబట్టి చిన్న నీడ 20, ఎత్తు 20√3, సుమారు 34.64 మీటర్లు. √3 విలువ ఇవ్వకపోతే 20√3 అనే వదిలేయి.

లైట్‌హౌస్ పైనుంచి పడవను చూసే లెక్కలూ ఈ పాఠంలోనే ఉంటాయి, వాటిలో నిమ్న కోణాన్ని కంటి దగ్గర అడ్డంగా గీసిన గీత నుంచి కిందికి కొలవాలి. గోడ నుంచి కొలిచావంటే 30 ఉండాల్సిన చోట 60 పెట్టినట్టే. ఆ అడ్డగీత, నీటి మట్టం సమాంతరాలు, వాటి మధ్య ఏకాంతర కోణాలు సమానం కాబట్టి అదే 30ని పడవ దగ్గర రాసుకో, త్రిభుజం సులువుగా కనిపిస్తుంది.