పిల్లలకు పండగలో పని ఇచ్చి చూడండి

"ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పిల్లలకు ఆసక్తి లేదు, పండగలు ఇంకా పాత పద్ధతిలోనే చెయ్యాలా" అని అడిగారు. అన్నీ చెయ్యక్కర్లేదండీ, మేమూ చెయ్యం. ఏది వదిలెయ్యాలన్న దగ్గరే తిరకాసంతా. మా ఇంటి బతుకమ్మ సంగతి చెప్తాను.

మాది వరంగల్ వైపు. బతుకమ్మ ఆడవాళ్ల పండగ అంటారు గానీ, పువ్వు తెచ్చేది మగపిల్లలమే. పెత్రమాస, అంటే పండగ మొదలయ్యే అమావాస్య, ఆ పొద్దున్నే సంచులు పట్టుకుని చెలకల్లో పడేవాళ్లం. తంగేడు కోసం గుట్ట దాకా పోవాలి. చేలల్లో కలుపులా మొలిచే గునుగు పువ్వు ఎవరు ఎక్కువ తెంపారని కొట్లాట. ఇంటికొచ్చాక గునుగును చిన్న చిన్న కట్టలు కట్టి, కాడలు సమంగా కత్తిరించి, కొసలు రంగునీళ్లలో ముంచేది కూడా మేమే. అమ్మ, మేనత్తలు సిబ్బిలో (వెడల్పాటి పళ్లెంలో) గుమ్మడాకులు పరిచి వరుసలు పేరుస్తుంటే, నడుమ కుంగిపోకుండా తుంచిన ఆకులు, కాడలు కూరడం అందరికన్నా చిన్నవాళ్ల వంతు. పసుపు గౌరమ్మను మాత్రం నానమ్మే చెయ్యాలి.

హైదరాబాద్‌లో రంగు అద్దిన గునుగు కట్టలే అమ్ముతారు. కొన్నిచోట్ల పేర్చిన బతుకమ్మే దొరుకుతుంది. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక సందడి పెరిగింది, నిజమే. కానీ అన్నీ కొనుక్కొస్తే నాకూ పిల్లలకూ మిగిలింది వీడియో తియ్యడమే. పని లేనివాడు పండగలో చుట్టం లెక్క. మీ పిల్లల "ఆసక్తి లేదు" కూడా అదేనేమో చూడండి.

ఇప్పుడు తొమ్మిది రోజులూ చెయ్యం. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ, చివరి రోజు సద్దుల బతుకమ్మ, అంతే. ఎనిమిదో రోజైన వెన్నముద్దల బతుకమ్మ నాడు మాత్రం నువ్వులు, బెల్లం కోసం మా చిన్నది గుర్తుపెట్టుకుని మరీ అడుగుతుంది. నైవేద్యానికి కలిపే అన్నాలు, అవే సద్దులు, మూడు రకాలకు దిగాయి. అత్తమ్మ ఊరి నుంచి వస్తే రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ఉంటుంది, రాకపోతే లేదు. చెరువుకు పోలేక కాలనీలో పెట్టిన నీళ్ల తొట్టిలోనే నిమజ్జనం. అది అత్తమ్మకు ఇప్పటికీ నచ్చదు. నాకు నచ్చనిది డీజే. అది మోగితే ఆవిడ ఎత్తుకున్న పాట పక్కనున్నవాళ్లకే వినబడదు, ఇంక ఉయ్యాలో అని అందుకునేదెవరు?

పువ్వు తెంపే పని మాత్రం వదల్లేదు. గునుగు తొందరగా వాడదు కాబట్టి ముందు ఆదివారమే ఔటర్ రింగ్ రోడ్డు దాటి పోయి తెస్తాం. తంగేడు వాడిపోతుంది, అందుకే అది పండగ పొద్దున బజార్లోనే. చేను ఆయన్ని అడిగితే "తెంపుకపోండి బిడ్డా, నాకు కలుపు బాధ తప్పుద్ది" అంటాడు. మా వాడికి రోడ్డు పక్కన ఏ చెట్టుందో తెలియదు గానీ, గునుగును కారులోంచే గుర్తుపడతాడు. టెక్సాస్‌లో మా చెల్లెలికి గునుగూ తంగేడూ లేవు, చామంతులతో పేరుస్తుంది. శనివారమే పండగ. ఆకులు కూరే పని అక్కడ మా బావది.

మీరూ ఒక్క పండగ పట్టుకోండి, అందులో చేత్తో చేసే పని ఒకటి పిల్లలకు పూర్తిగా అప్పజెప్పండి. వంకరగా వచ్చినా సరిదిద్దకండి. బతుకమ్మే అయితే మాత్రం రంగు బాల్కనీలో కలపమనండి, హాల్లో టైల్స్ సందుల్లోకి దిగితే దసరా అయిపోయినా పోదు.