మూడో సెంటర్ పేరు చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం

"ఐస్ హాకీలో సెంటర్ల బలం అన్నిటికన్నా ఎక్కువున్న జట్టు ఏది?" అని అడిగారు. సెంటర్ అంటే ముందు వరుసలో మధ్యన ఆడేవాడు. నా జవాబు ఒక్కటే: 2009 పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్. ఎడ్మంటన్‌కు గ్రెట్జ్‌కీ, మెస్సియే లేరా, 1996 కొలరాడోకు సాకిక్, ఫోర్స్‌బర్గ్ లేరా అని కొట్లాటకు వస్తారు. రానివ్వండి. అందరూ రెండు పేర్లు చెప్పి ఆగిపోతారు.

మాకు క్రాస్బీ, మాల్కిన్, వాళ్ల వెనకాల జోర్డన్ స్టాల్. ఆ సీజన్‌లో మాల్కిన్ 113 పాయింట్లతో (కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) లీగ్‌కే మొదటివాడు, క్రాస్బీవి 103. ఇరవయ్యేళ్ల స్టాల్‌ను వేరే ఊళ్లో అయితే నెత్తిన పెట్టుకునేవాళ్లు, మా దగ్గర మూడో లైను, అంటే మొదటి రెండు దళాల తర్వాత ఐస్ మీదికి వచ్చే దళం. ఆ ఏడాది డెట్రాయిట్‌తో స్టాన్లీ కప్ ఫైనల్ ఏడు మ్యాచ్‌ల దాకా సాగింది, అందులో నాలుగో మ్యాచ్‌లో ఒక మనిషి తక్కువుండగా గోల్ కొట్టి స్కోరు సమం చేసింది అతనే. అలాంటివాణ్ణి 2012లో, సరిగ్గా అతని పెళ్లిరోజునే, కరోలైనాకు పంపేశారు. నాకు ఇప్పటికీ మంటే. మళ్లీ కప్పు 2016లో గానీ రాలేదు, అప్పుడు మూడో సెంటర్ నిక్ బోనినో. స్టాల్ ఉన్న 2010, 11, 12లో ఎందుకు రాలేదంటారా? అది వేరే కథ.

ఇదంతా ఇంటికి ఫోన్ చేసి చెబితే మా బాబాయ్ "హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిందేగా" అనేవాడు. ఏం చెప్తాం!

ఇక ఆ ఫైనల్లో కప్పు ఎవరిదో తేల్చే ఏడో మ్యాచ్. 2009 జూన్ 12, శుక్రవారం, ఆట డెట్రాయిట్‌లో. నేను ఎమ్మెస్ చదువుతూ పిట్స్‌బర్గ్‌లోని స్క్విరెల్ హిల్‌లో ఇద్దరు రూమ్మేట్లతో ఉండేవాణ్ణి. కేబుల్‌కు డబ్బుల్లేవు, ఎవరో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత టీవీ. సరిగ్గా ఆ రోజే అమెరికాలో పాత అనలాగ్ ప్రసారాలు ఆపేశారు. ప్రభుత్వం ఇచ్చిన 40 డాలర్ల కూపన్‌తో కొన్న, కొత్త డిజిటల్ సిగ్నల్‌ను పాత టీవీకి పనికొచ్చేలా మార్చే కన్వర్టర్ డబ్బాయే మాకు దిక్కు. పాత పద్ధతిలో బొమ్మ మసకబారినా ఆట అర్థమయ్యేది. ఈ డిజిటల్ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి బిగుసుకుపోతుంది. దీన్ని ముందడుగు అన్నారు! మా ఒంగోలు వాడు యాంటెన్నా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆటలో మూడు పీరియడ్లు. రెండో పీరియడ్ మొదట్లోనే డెట్రాయిట్ వాళ్ల పాస్‌ను మాల్కిన్ చెడగొట్టాడు, మా మ్యాక్స్ టాల్బో గోల్ కొట్టాడు. కాసేపటికి డెట్రాయిట్ ఆటగాడు ఫ్రాంజెన్ క్రాస్బీని బోర్డుకేసి గుద్దాడు. బొమ్మ బిగుసుకుంది. తిరిగొచ్చేసరికి మా కెప్టెన్ మోకాలు పట్టుకుని లోపలికి పోతున్నాడు.

"మీవాడు అవుటు కదరా, ఇక పప్పు తాలింపు పెట్టనా?" అన్నాడు వంటింట్లోంచి రెండోవాడు.

ఏ జట్టుకైనా అక్కడితో కథ ముగిసేది. కాసేపటికి టాల్బో ఇంకోటి కొట్టాడు. మూడో పీరియడ్‌లో క్రాస్బీ ఐస్ మీద ఉన్నది అర నిమిషమంతే, మిగతాదంతా బెంచీ మీదే. మాల్కిన్ బెంచీకి వస్తే ఐస్ మీదికి స్టాల్, స్టాల్ వస్తే మాల్కిన్. ఆరు నిమిషాలుండగా డెట్రాయిట్ ఒకటి తిరిగిచ్చింది, ఇంకోటి గోల్‌పోస్టు పైకమ్మీకి తగిలింది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. చివరి క్షణంలో వాళ్ల లిడ్‌స్ట్రోమ్ కొట్టినదానికి మా గోల్‌కీపర్ ఫ్లూరీ అడ్డంగా దూకాడు. 2-1.

మావాడు యాంటెన్నా వదిలేసి గంతులేశాడు. బొమ్మ పోయింది, ఎంత తిప్పినా రాలేదు. క్రాస్బీ కప్పు ఎత్తడం మేం చూడనేలేదు, కిటికీలోంచి హారన్లు విన్నామంతే.