మందు కొనే ముందు పెంటికలు చూడమ్మా

అమ్మాయ్,

తిరుపతిలో ఇల్లు మారి వారం కాకముందే వంటింట్లో ఎలుక తిరుగుతోందని, రేపే మందు తెచ్చి పెట్టేస్తానని మెసేజ్ పెట్టావు. ఆగు. చిత్తూరు బెల్లం మండీలో ఏళ్ళ తరబడి సరుకు కాపాడినవాడిగా చెప్తున్నా, ముందు అది చిట్టెలుకా, పెద్దెలుకా తేల్చుకో. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు.

పొద్దున్నే స్టవ్ వెనక, రాగుల మూట పక్కన టార్చి వేసి పెంటికలు చూడు. బియ్యపు గింజంత, అంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు, కొసలు సన్నగా ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు దాటి లావుగా ఉంటే పెద్దెలుక. చిట్టెలుక ఒక్కటే రోజుకు 50కి పైగా వేస్తుంది, ఇల్లంతా ఎలుకలే అని టెన్షన్ పడొద్దు. కొసన తెల్లటి చుక్క ఉంటే అది బల్లిది.

కంటబడితే సైజు ఒక్కటే చూసి మోసపోవద్దు, పెద్దెలుక పిల్ల కూడా చిట్టెలుకంతే ఉంటుంది. ఒంటికి మించిన పాదాలు, మొద్దు తల ఉంటే పెద్దెలుక పిల్ల. చిట్టెలుకకు తల చిన్నది, చెవులు పెద్దవి. మూతి బాగా పొడుగ్గా ఉండి ఘాటు వాసన వేస్తే చుంచు, అది ఎలుక జాతే కాదు, పురుగులు తినేది, తలుపు తీసి పంపేయ్.

చిట్టెలుకకు కొత్త వస్తువంటే ఆసక్తి, బోను పెట్టిన రాత్రే పడొచ్చు. కానీ గూడు వదిలి ఎక్కువ దూరం పోదు కాబట్టి ఒక్క బోను చాలదు, గోడ వెంబడి రెండు మూడు మీటర్లకొకటి పెట్టాలి. పెద్దెలుక దీనికి పూర్తిగా వ్యతిరేకం, కొత్తది కనిపిస్తే దగ్గరికే రాదు. అందుకే బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల కొబ్బరి ముక్కో వేయించిన చెనిక్కాయలో పెట్టి నాలుగైదు రోజులు తిననివ్వు, అలవాటు పడ్డాక కట్టు విప్పు. రెండో రోజుకే బోను పనిచేయలేదని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ, నువ్వు ఆ పని చేయొద్దు.

పెన్సిల్ దూరే సందు చాలు చిట్టెలుకకు. స్టీల్ పీచు కుక్కి సిమెంటు పూయించు, గుడ్డలు కుక్కితే కొరికేస్తుంది. మిద్దె మీదికి వాలిన కొబ్బరి మట్టలుంటే ఓనరుకు చెప్పి కొట్టించు, పెద్దెలుకల్లో పొడుగు తోకది వాటి మీదుగానే దిగుతుంది.

ట్యూబులో దొరికే పసుపు భాస్వరం పేస్టు మాత్రం గడప దాటనివ్వొద్దు, పాప పాకే వయసు. లోపలికి పోతే లివర్ పాడవుతుంది, దానికి విరుగుడు లేదు. మిగతా మందులు తిన్న ఎలుక ఏ అటక సందులోనో చచ్చి కంపు కొడుతుంది.

పెంటికలు పొడిగా ఊడ్చొద్దు, గ్లౌజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్ళు చల్లి ఐదు నిమిషాలాగి తుడువు. మీ అత్త పంపిన చెనిక్కాయలు గోతంలోనే ఉంచకుండా ఇవాళే మూత బిగువున్న స్టీల్ డబ్బాలో పోసెయ్. రేపు పొద్దున పెంటికల పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపు, చూసి ఏ బోను తేవాలో చెప్తా.

మీ మామ