పిల్లల గుండెలో ‘మర్మర్’: కంప్యూటర్ మాట నమ్మి ఊరుకోవచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. జ్వరమని తీసుకెళ్తే గుండెలో మర్మర్ ఉందన్నారు. డిజిటల్ స్టెతస్కోప్‌తో రికార్డు చేస్తే కంప్యూటర్ ‘ఇనోసెంట్ మర్మర్’ (హాని లేని శబ్దం) అని చూపించింది. ఆటల్లో ఆయాసమేమీ లేదు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించాలా?
– ఓ తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అంత టెన్షన్ పడాల్సిన పనేమీ కనిపించడం లేదమ్మా. గుండెలో రక్తం పారేటప్పుడు వచ్చే అదనపు శబ్దమే మర్మర్. అది జబ్బు పేరు కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. జ్వరంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి ఆ శబ్దం ఇంకా పెరుగుతుంది. రక్తహీనత ఉన్నా అంతే.

ఈ వయసులో తరచూ వినిపించే ఇనోసెంట్ మర్మర్ పేరు స్టిల్స్ మర్మర్. 1909లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ వర్ణించారు. బిగించిన తీగను మీటినట్టు ఉంటుంది. పడుకున్నప్పుడు బాగా వినిపించి, లేచి నిలబడితే తగ్గుతుంది. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటే వచ్చే శబ్దం వేరు. గరుకుగా, గుండె ముడుచుకున్నంతసేపూ సాగుతుంది.

కంప్యూటర్ చూసేది ఈ తేడానే. ‘లబ్’కీ ‘డబ్’కీ మధ్య శబ్దం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఏ ఫ్రీక్వెన్సీల్లో ఎంత బలంగా ఉంది అన్నది బొమ్మ గీసి, ముందే నిర్ధారణ అయిన రికార్డింగులతో నేర్చుకున్నదాన్ని బట్టి తేలుస్తుంది. ఎకో ఎవరికి అవసరమో వడకట్టడానికి ఇది మంచి సాధనమే. కానీ పిల్లాడు ఏడ్చినా, కదిలినా, స్టెతస్కోప్ చర్మానికి రాసుకున్నా లెక్క తప్పొచ్చు. పైగా వినపడని జబ్బును అది పట్టలేదు. పై గదుల మధ్య రంధ్రం ఉన్నప్పుడు మర్మర్ చాలా మెత్తగా ఉండొచ్చు. గుండె నుంచి ఒంటికి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద రక్తనాళం (బృహద్ధమని) ఇరుకైతే, ఆ సంగతి ఒక్కోసారి కాళ్ల నాడి చూస్తే గానీ బయటపడదు.

అందుకే జ్వరం పూర్తిగా తగ్గాక పిల్లల డాక్టర్‌కు ఇంకోసారి చూపించండి. పడుకోబెట్టి, నిలబెట్టి వింటారు. తొడ దగ్గర నాడి, బీపీ, ఆక్సిజన్ చూస్తారు. అన్నీ బాగుంటే ఎకో అక్కర్లేదు. ఆ రికార్డింగు ఫైల్ కూడా పట్టుకెళ్లండి, పోల్చి చూడటానికి పనికొస్తుంది.

పెదాలు నీలంగా మారినా, పరుగెత్తుతూ సొమ్మసిల్లినా, బరువు పెరగకపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా కంప్యూటర్ ఏం చెప్పినా సరే, పిల్లల గుండె నిపుణులను కలిసి ఎకో తీయించాల్సిందే. ఇంట్లో మాత్రం ఫోన్‌ను ఛాతీకి ఆనించి యాప్‌లతో పరీక్షలు చేయకండి.