రాయి గురించి రాయి, కానీ...

చిరంజీవికి ఆశీస్సులు.

పిత్తాశయంలో రాళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ వాక్యం బాగా నడుస్తోంది. తప్పు ఒక్క చోటే ఉంది, కానీ వ్యాసమంతా దాని మీదే నిలబడింది. ‘రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగితే అదే గడ్డకట్టి రాయి అవుతుంది’ అన్నావు. నేనూ ఒకప్పుడు అచ్చం ఇలాగే రాశాను. కొన్నేళ్లకు కుడి డొక్కలో నొప్పి వచ్చి స్కానింగ్ తీయిస్తే నాకే రాళ్లున్నాయని తేలింది. రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ మాత్రం నార్మల్! నా వ్యాసం నన్నే వెక్కిరించినట్టయింది.

రక్తం లెక్క వేరు, కాలేయంలో తయారై పిత్తాశయంలో నిలవుండే పైత్యరసం లెక్క వేరు. ముందు ఇది మనసులో పెట్టుకో. అసలు కొలెస్ట్రాల్ అనే పేరు పుట్టిందే పైత్యరసం రాయి నుంచి. 1816లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రాళ్లలోని తెల్లటి మైనంలాంటి పదార్థానికి, గ్రీకులో పైత్యానికీ గట్టిదనానికీ ఉన్న మాటలు కలిపి ‘కొలెస్టెరిన్’ అని పేరు పెట్టాడు. నీ వ్యాసం ఇక్కడ మొదలైతే ఎంత బాగుంటుంది!

కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. పైత్యరసంలోని పైత్య లవణాలూ, లెసిథిన్ అనే కొవ్వు పదార్థమూ కలిసి దాన్ని పట్టుకుని తేలుస్తాయి. తలంటు పోసుకునేటప్పుడు కుంకుడు రసం నూనెను లాగేసినట్టు. నూనె ఎక్కువై కుంకుడు చాలకపోతే జిడ్డు మిగిలిపోతుందిగా, ఇక్కడా అంతే. ఈ మూడింటి పాళ్లు ఎక్కడ తప్పితే కొలెస్ట్రాల్ విడిపోతుందో అడ్మిరాండ్, స్మాల్ అనే పరిశోధకులు 1968లో ఒక త్రిభుజం గీసి చూపించారు. దానికి తోడు పిత్తాశయం సరిగా ముడుచుకోక రసం నిలవ ఉంటే, దాని గోడల్లో ఊరే జిగురుకు స్ఫటికాలు అంటుకుని పెరుగుతాయి. నువ్వు వాడిన పంచదార పాకం పోలిక మాత్రం తీసెయ్. పాకంలో నీళ్లు ఇగిరిపోవడం వల్ల పలుకు కడుతుంది. ఇక్కడ అసలు గొడవ పాళ్లది. పోలిక ఎంత ముద్దొచ్చినా కారణం తప్పు చెబితే వదులుకోవాల్సిందే.

రెండు లెక్కలూ వేరనడానికి ఒక మంచి ఉదాహరణ ఇస్తాను, వాడుకో. ఫైబ్రేట్లనే మందులు రక్తంలో ట్రైగ్లిసరైడ్లనే కొవ్వులను తగ్గిస్తాయి. కానీ వాటిలో క్లోఫైబ్రేట్ లాంటివి పైత్యరసంలోకి కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా వదిలించి, రాళ్ల ముప్పు పెంచాయి. రక్తం రిపోర్టు బాగుపడుతుంటే పైత్యరసం పాడవుతోందన్నమాట.

అలాగని రక్తాన్ని వ్యాసంలోంచి పూర్తిగా తోసెయ్యకు. రాళ్లన్నీ కొలెస్ట్రాల్‌వే కావు, నల్లరాళ్లూ ఉంటాయి, వాటి కథ రక్తానిదే. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. అది పగిలాక అందులోని హీమ్ అనే ఎర్రటి పదార్థం నుంచి బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థం వస్తుంది. సికిల్ సెల్, తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధులు ఉన్నవాళ్లలో కణాలు ముందే పగిలిపోతుంటాయి కాబట్టి బిలిరుబిన్ ఎక్కువై, కాల్షియంతో కలిసి చిన్నపిల్లల్లో కూడా రాళ్లు కడుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. ఆ పేరా నువ్వే రాయాలి, రెండు వాక్యాల్లో తేల్చెయ్యకు.

రక్తపరీక్షల గురించి కూడా ఒక మాట. రాయి పిత్తాశయంలోనే కదలకుండా ఉంటే అవి నార్మల్‌గానే ఉండొచ్చు. జారి పైత్యరసం పారే నాళానికి అడ్డం పడితే బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రక్తంలో పెరుగుతాయి, కామెర్లు కనిపిస్తాయి. ఇది చెబితే చాలు, అంకెల పట్టిక అక్కర్లేదు.

చివర్లో కొండపిండి ఆకు, బీరు అని రాశావే, కొట్టెయ్. అవి జనం కిడ్నీ రాళ్లకు చెప్పుకునేవి. మూత్రం దారి వేరు, పైత్యరసం దారి వేరు. నీ వ్యాసం చదివి ఎవరో ఒకాయన కామెర్లతో ఇంట్లో కూర్చుని బీరు తాగితే?

తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లద్దాలు ఇంకా మార్చలేదు.