టైమింగ్ బెల్ట్ తెగింది, రోజువారీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2014 మోడల్ ఇన్నోవా డీజిల్ బండిని సొంతంగా ట్యాక్సీ నడుపుకుంటున్నాను. నెలకు సుమారు 4,000 కిలోమీటర్లు తిరుగుతుంది. గత వారం శంషాబాద్ విమానాశ్రయం నుంచి తిరిగి వస్తుంటే సూర్యాపేట దాటాక ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాలేదు. టైమింగ్ బెల్ట్ తెగిందని, హెడ్ విప్పి చూస్తే వాల్వులు వంగిపోయాయని షెడ్డులో చెప్పారు. మొత్తం 95,000 రూపాయలు అవుతుందట. బీమా కంపెనీ క్లెయిము కుదరదంది. బెల్ట్ మార్చాలని డాష్‌బోర్డులో లైటు పది నెలల కిందటే వెలిగింది. అప్పుడు 14,000 అడిగారు, చేతిలో లేక లైటును రీసెట్ చేయించి నడిపాను. ఇంటి ఖర్చు నెలకు 28,000, బండి వాయిదా 11,500, అది ఇంకా 14 నెలలు ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 3,000 చొప్పున కడుతున్న సిప్‌లో 70,000 పోగయ్యాయి, వాటిని కదిలించడం ఇష్టం లేదు. ఇంట్లో 4 తులాల బంగారం ఉంది. తెలిసిన ఫైనాన్స్ వాళ్లు లక్ష ఇస్తామంటున్నారు. చేతికి 90,000 ఇస్తారు, రోజుకు 1,000 చొప్పున 100 రోజులు కట్టాలి. తీసుకోమంటారా, బండి అమ్మేయమంటారా?

జవాబు: ఫైనాన్స్ తీసుకోవద్దు. ఇందులో రెండో ఆలోచనకు తావు లేదు.

మీకు చెప్పిన లెక్కలో వడ్డీ 10,000 రూపాయలే కదా అనిపిస్తుంది. అయితే మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ పోతారు కాబట్టి, ఆ 90,000 పూర్తిగా మీ దగ్గర ఉండేది ఒక్క రోజే. ఏడాది లెక్కకు మార్చి చూస్తే ఈ అప్పుపై వడ్డీ 75 శాతం దాటుతుంది. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. హెడ్ పని పూర్తయి బండి రోడ్డెక్కడానికి రెండు వారాలు పట్టిందనుకోండి, ఆ రెండు వారాలూ ఒక్క రూపాయి కిరాయి రాకుండానే రోజుకు 1,000 చొప్పున 14,000 కట్టాలి. అంటే బెల్ట్ మార్చడానికి పది నెలల కిందట మీ దగ్గర లేవన్న మొత్తమే, ఇప్పుడు బండి షెడ్డులో ఉండగా చెల్లించవలసి వస్తుంది. అది కట్టలేక మరోచోట చెయ్యి చాచిన ట్యాక్సీ యజమానులు చివరకు బండినే పోగొట్టుకున్న సందర్భాలు నా వృత్తిలో చూస్తూనే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మొబైల్ యాప్‌లలో దొరికే అప్పులకూ ఇదే సమాధానం.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. బెల్ట్ మార్చడానికి 14,000 లేవని రాశారు. కానీ లైటు వెలిగిన తరువాతి పది నెలల్లో సిప్‌కు 30,000 కట్టారు. ఐదు నెలలు సిప్ ఆపి ఉంటే ఆ పని అయిపోయేది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. క్రమం తప్పకుండా మదుపు చేస్తున్నామన్న తృప్తితో, అత్యవసర నిధి అనేదే లేకుండా ఏళ్లు గడిపే కుటుంబాలు చాలా ఉన్నాయి. పొదుపు ఖాతాలో చేతికందే డబ్బు లేనివారికి సిప్ రెండో మెట్టు మాత్రమే, మొదటి మెట్టు కాదు. రోజు గడవడమే ఒక యంత్రం మీద ఆధారపడిన మీలాంటి వారి విషయంలో ఈ వరుస తప్పితే జరిగే నష్టం జీతగాడికి జరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే ఖర్చు మీద పడే రోజునే ఆదాయమూ ఆగిపోతుంది.

మరో మాట. మీకు ఎదురైనది హఠాత్తుగా వచ్చిన ఖర్చు కాదు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కు అందించేది టైమింగ్ బెల్టే. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు మూసుకునేలా ఆ రెండింటినీ ఒకే లయలో ఉంచుతుంది. మీ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే క్యామ్ నిలిచిపోయి కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి, కింద పిస్టన్లు మాత్రం వేగం తగ్గేవరకు వచ్చి వాటిని కొడుతూనే ఉంటాయి. ఆగిన తరువాత సెల్ఫ్ కొడితే ఆ దెబ్బలు ఇంకా పెరుగుతాయి. రబ్బరుతో చేసిన భాగం ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో యజమాని పుస్తకంలో అచ్చు వేసి ఉంటుంది, గుర్తు చేయడానికి లైటు కూడా పెట్టారు. ఆ లైటు కిలోమీటర్లను లెక్కిస్తుందే తప్ప బెల్ట్ పరిస్థితిని చూడలేదు. దాన్ని ఆర్పించి మరో 40,000 కిలోమీటర్లు నడిపారు. పాత బండి కొనేవారు కూడా, లైటు వెలగడం లేదన్న ధీమాతో ఉండకుండా, బెల్ట్ మార్చిన బిల్లు చూపించమని అడగాలి.

బీమా కంపెనీ నిరాకరణ మీద ఫిర్యాదులతో కాలం వృథా చేయకండి. మోటారు పాలసీలో అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపుల్లోనే ఉంటాయి. అదనపు ప్రీమియంతో తీసుకునే ఇంజిన్ రక్షణ కవరు సైతం ప్రధానంగా నీరు చేరడం, ఆయిల్ కారిపోవడం వంటి వాటి వల్ల కలిగే నష్టానికే గాని, గడువు దాటిన బెల్ట్‌కు వర్తించదు. బండి నిర్వహణకు బీమా మీ నిధి మాత్రమే.

ఇక ఈ వారం చేయవలసిన పని. సిప్‌లోని 70,000 వెనక్కి తీసుకోండి, కొద్ది పనిదినాల్లో మీ ఖాతాలో పడతాయి. ఏడాది నిండని యూనిట్లపై 1 శాతం ఎగ్జిట్ లోడ్ (ముందుగా వెనక్కి తీసుకుంటే కోసే రుసుము) ఉందనుకున్నా, గత 12 వాయిదాల 36,000 మీద పోయేది 360 రూపాయల చిల్లర. భవిష్యత్తులో 12 శాతం రావచ్చన్న ఆశతో ఈ డబ్బును అట్టే ఉంచి, 75 శాతానికి అప్పు తేవడం ఏ లెక్కలోనూ నిలవదు. మిగిలిన 25,000కు, బండి ఆగిన రోజుల ఇంటి ఖర్చుకు మరో 20,000 కలిపి, 45,000 వరకు బ్యాంకులో బంగారంపై రుణం తీసుకోండి. ఏడాదికి సుమారు 10 శాతం వడ్డీ అనుకుంటే, ఆరు నెలల్లో తీర్చేస్తే 2,250 మించదు. నాలుగు తులాలూ పెట్టవద్దు, అవసరమైనంతే పెట్టండి. చిట్టీ పాడుకోవడం, వ్యక్తిగత రుణం ఈ స్థితిలో దీనికంటే ఖరీదైనవి.

డబ్బు ఇచ్చే ముందు షెడ్డుకు వెళ్లి, విప్పిన హెడ్‌ను మీ కళ్లతో చూడండి. వంగిన వాల్వులను విడిగా పెట్టించి, వాల్వులు కదిలే గొట్టాలైన గైడ్లు దెబ్బతిన్నాయేమో, పిస్టన్ల తలపై పడిన గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో అడగండి. పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగినట్లయితే 95,000 సరిపోదు, కాబట్టి ఆ పరీక్ష పూర్తయ్యాకే తుది అంచనాను కాగితం మీద రాయించుకోండి. కొత్త వాల్వులు సీటు మీద సరిగా కూర్చున్నాయో లేదో లీక్ పరీక్ష చేయించి, ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సందు) సెట్టింగు కూడా బిల్లులో ఉందో లేదో చూసుకోండి. బెల్ట్‌తో పాటు, దాన్ని బిగువుగా పట్టి నడిపించే టెన్షనర్, ఐడ్లర్ చక్రాలు తప్పక కొత్తవి వేయించాలి. ఆయిల్ సీలు కారుతుంటే అదీ మార్పించండి, ఎందుకంటే ఆయిల్ తడిసిన బెల్ట్ గడువు వరకు నిలవదు. ఇక్కడ రెండు వేలు మిగిలించుకోవాలని చూస్తే మళ్లీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

బండి నడవడం మొదలైన నాటి నుంచి రెండు ఖాతాలు వేరుగా పెట్టుకోండి. మొదటిది బండి ఖాతా. బెల్ట్ పనికి లక్ష కిలోమీటర్లకు ఒకసారి 15,000 అనుకుంటే కిలోమీటరుకు పడేది 15 పైసలే. టైర్లు, క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ కలిపి కిలోమీటరుకు ఒకటిన్నర రూపాయి పక్కన పెడితే నెలకు 6,000 చేరతాయి. ఈ మొత్తాన్ని డీజిల్ ఖర్చులో భాగంగానే చూడండి, కిరాయి మాట్లాడేటప్పుడే కలుపుకోండి. రెండోది అత్యవసర నిధి, దీన్ని బండి మరమ్మతుకు ముట్టుకోకూడదు. ఇంటి ఖర్చు, వాయిదా కలిపి మీకు నెలకు 39,500 కావాలి. ముందు ఒక నెల మొత్తం చేర్చండి, తరువాత ఆరు నెలలకు సరిపడా 2,37,000 వరకు పెంచుకుంటూ వెళ్లండి. బంగారం రుణం తీరేవరకు, తీరాక మొదటి నెల నిధి నిండేవరకు సిప్ ఆపేయండి. ఆగిన సిప్ వల్ల మీ కుటుంబానికి ఏ రాత్రీ నిద్ర కరువు కాదు, ఖాళీ ఖాతా వల్ల అవుతుంది.

మీకు దెబ్బ తగిలినా బండి ఆగుతుంది కాబట్టి, ప్రమాదంలో పని చేయలేని వారాలకు పరిహారం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ, వాయిదా తీరేలోగా, మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు అందించే ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. బండి అమ్మడం గురించి: ఇంజిన్ విప్పి ఉన్న బండికి వచ్చే ధర మీ మిగిలిన రుణానికే సరిపోవచ్చు, అందువల్ల ముందు బాగు చేయించండి. 14 నెలల వాయిదాలు ముగిశాక, నెలకు మిగిలే 11,500 కొన్నాళ్లు అత్యవసర నిధిలోకి వెళ్లిన తరువాతే వేరే బండి మాట ఎత్తండి.