పాప విషయంలో పెద్దమ్మ మాట

ఆమదాలవలస

అమ్మడూ,

సిరిమాను పండగకు వచ్చి పాపను మస్కట్ తీసుకుపోతానని అల్లుడు ఫోనులో అన్నాడట, మీ అమ్మ చెప్పింది. కోపంలో అన్న మాటే కావచ్చు. అయినా సోమవారం బడికి వెళ్లు. నువ్వూ అమ్మా తప్ప ఎవరు వచ్చినా పంపవద్దని రాసిచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకో. నేను పని చేసిన బడిలో ఒకాయన మధ్యాహ్న భోజనం వేళ వచ్చి కొడుకును తీసుకుపోయాడు. కన్నతండ్రి, ఆపడానికి నా చేతిలో కాగితం లేదు. తల్లి పరుగెత్తుకొచ్చేసరికి కంచంలో సగం కొరికిన కోడిగుడ్డు అలాగే ఉంది. వాళ్లు అప్పటికే రైలెక్కేశారు.

పాప నీ దగ్గరే ఉండాలనే కోర్టు ఉత్తర్వు లేనిదే బడికిచ్చిన ఆ ఉత్తరానికి బలం తక్కువ. బడివాళ్లు నీకు ఫోను చేసేపాటి వ్యవధి మాత్రం దొరుకుతుంది. ఉత్తర్వు కోసం ఇప్పుడే పిటిషన్ వెయ్యి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడి కోర్టే వింటుంది. కాబట్టి పాప విజయనగరంలోనే ఉంటోందని చూపే బడి రసీదులు, టీకాల కార్డు ఒకచోట పెట్టుకో. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. మన పాపకు నాలుగే. లాయరు ఫీజుకు గాజులు తాకట్టు పెట్టకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోను 15100.

పాస్‌పోర్టు ఉంటే నీ దగ్గరే ఉంచు. లేకపోతే నీ సమ్మతి లేకుండా ఇవ్వవద్దని విశాఖ పాస్‌పోర్టు కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో రాయి. దేశం దాటితే రప్పించడం మహా కష్టం. ఎత్తుకుపోయిన పిల్లలను తిరిగి పంపే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరనే లేదు.

ఒకవేళ తీసుకుపోతే ఆ గంటలోనే పోలీసుల 112కి, పిల్లల సాయం నంబరు 1098కి చెప్పు. ‘తండ్రే కదా, కిడ్నాప్ ఎలా అవుతుంది’ అంటారు స్టేషన్లో. ఉత్తర్వు లేకపోతే ఆ మాటలో కొంత న్యాయం ఉంది కూడా. వాదించకు, రాసిచ్చి రసీదు తీసుకో. లాయరు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్, వేసేటప్పుడు అది పనికొస్తుంది. తమ్ముడిని వెంటబెట్టుకుని టెక్కలిలో అల్లుడి వాళ్లింటి మీద పడి పిల్లను లాక్కురావద్దు. జడ్జి ముందు ఇద్దరూ ఒకటే అయిపోతారు.

ఆదివారాలు తండ్రితో మాట్లాడతానంటే మాట్లాడనివ్వు. అసలు చూడనివ్వకపోతేనే మనుషులు తెగిస్తారు, నేను చూసినంతలో. నీ ఫోను నంబరు పాటలా నేర్పించు. మొన్న నేనడిగితే తొమ్మిది అంకెలు చెప్పి పదోది మింగేసింది.

మీ పెద్దమ్మ